మా గర్ల్స్ హైస్కూల్లో మగపిల్లల్ని కూడా చేర్చుకుంటారంట, పాపని ఉంచాలా టీసీ తీసుకోవాలా?

లంకమ్మాయి_కువైట్:

నమస్కారం అండి అందరికీ. మాది రాజోలు దగ్గర లంక ఊరండి. నేను కువైట్లో ఉంటున్నాను, మా ఆయన మస్కట్లో డ్రైవరు, పాప మా అమ్మ దగ్గర ఉండి చదువుకుంటుంది. 8 అయిపోయింది, జూన్లో 9కి వెళ్తుంది. మా సెంటర్లో గర్ల్స్ హైస్కూలు, మగపిల్లలు చదివే బోర్డు హైస్కూలు రెండూ ఒకే రోడ్డులో ఉంటాయి, మధ్యలో పంటకాలవ అంతే. గర్ల్స్ హైస్కూల్లో నేనూ చదివాను మా అక్కా చదివింది, అప్పట్లో క్లాసుకి రెండేసి సెక్షన్లు, బెంచీలు చాలక కింద కూర్చునేవాళ్ళం. ఇప్పుడు క్లాసుకి పాతిక మంది కూడా లేరంట, ఊళ్ళోవాళ్ళు అందరూ పిల్లల్ని పసుపు బస్సులెక్కించి రాజోలు, అమలాపురం ప్రైవేటు బళ్ళకి పంపేస్తున్నారు.

మొన్న స్కూల్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఈ సంవత్సరం నుంచి మగపిల్లల్ని కూడా చేర్చుకునే ఆలోచన ఉంది, పేరెంట్స్ మీటింగుకి రండి అని. అంతే, ఇంకేమీ లేదు అందులో. ఆ రోజు నుంచి మా అమ్మ ఫోనెత్తితే ఇదే గోల. ఎదిగిన పిల్ల, తల్లీతండ్రీ దగ్గర లేరు, రేపు ఏదన్నా మాటొస్తే నన్నే అంటారు, టీసీ తీసుకుని ప్రైవేటులో వేసెయ్ అంటుంది. ప్రైవేటులో మాత్రం మగపిల్లలు ఉండరా అమ్మా అంటే, అక్కడ కెమెరాలుంటాయంట, బస్సు గుమ్మం దగ్గరికే వస్తదంట. మా ఆయన్ని అడిగితే అందరూ కలిసే చదువుతున్నారు ఏమైపోద్ది అని రెండు ముక్కల్లో తేల్చేశారు. పాపని అడిగితే దాని బాధ ఇంకోటి, అబ్బాయిలొస్తే గ్రౌండు వాళ్ళే తీసేసుకుంటారమ్మా మా కబడ్డీ కోర్టు ఉండదు అంటుంది. స్కూల్ టీములో రైడరు అది.

నాకు ఇక్కడి నుంచి ఏం అర్థం అవ్వట్లేదు. ఇలా మార్చిన బళ్ళల్లో చదివినవాళ్ళు గానీ పాఠాలు చెప్పినవాళ్ళు గానీ ఎవరన్నా ఉంటే చెప్పండి. 9లో సడెన్‌గా కలిపేస్తారా? బాత్రూముల సంగతేంటి? టెన్త్ ముందు బడి మార్చడం మంచిదేనా? ప్రైవేటు ఫీజంటే తల్లికి వందనం కింద వచ్చిన 13,000 ఏ మూలకీ చాలదు, బస్సు ఫీజు వేరే, కానీ పాప విషయంలో డబ్బు గురించి ఆలోచించను. సరిగ్గా ఏం జరుగుతుందో తెలిస్తే చాలు.

యాభైదాటిన_మాస్టారు:

అమ్మా, ముందు మీరు ఒక్క విషయం కనుక్కోవాలి, మిగతాదంతా దాని మీదే ఉంది. మగపిల్లల్ని "చేర్చుకోవడం" అంటున్నారా, బోర్డు హైస్కూలుతో "కలపడం" అంటున్నారా? రెండూ ఒకటి కావు. చేర్చుకోవడం అయితే మామూలుగా 6వ తరగతికి మాత్రమే అడ్మిషన్ ఇస్తారు, వాళ్ళు 7కి వెళ్ళేటప్పటికి వెనకాల ఇంకో 6 వస్తుంది, అలా పదో తరగతి దాకా నిండేసరికి అయిదేళ్ళు పడుతుంది. ఆ లెక్కన మీ పాప 9, 10 రెండూ ఆడపిల్లలతోనే చదివి బయటకొచ్చేస్తుంది, కింద క్లాసుల్లో పదకొండేళ్ళ పిల్లకాయలు తిరుగుతుంటారు అంతే. వాళ్ళు మీ పాపని అక్కా అని పిలుస్తారు. దీనికోసం టీసీ తీసుకోవడం అనవసరం.

కలిపేయడం అయితే మాత్రం జూన్ 12న బడి తెరిచిన రోజే 9లో సగం మంది కొత్త మొహాలు, అదీ వాళ్ళ బడి పోయిందన్న మంటతో వచ్చినవాళ్ళు. అప్పుడు మీ అమ్మగారి భయంలో కొంత న్యాయం ఉంది.

ఇదంతా ఎందుకు చేస్తున్నారంటే ఆదర్శం కోసం కాదండి, అది ముందే చెప్పేస్తున్నా. పిల్లల సంఖ్యని బట్టి టీచర్ పోస్టులు. పిల్లలు తగ్గితే రేషనలైజేషన్లో పోస్టు లేచిపోతుంది, పోస్టు లేచిపోతే లెక్కలు చెప్పేవాళ్ళుండరు, చెప్పేవాళ్ళు లేరని ఇంకో పదిమంది బస్సెక్కేస్తారు. ఇంకో తిరకాసు బయటవాళ్ళకి తెలీదు. గర్ల్స్ హైస్కూల్లో పోస్టుకి ముందు ఆడ టీచర్లకే, ఎవరూ కోరుకోకపోతే 50 ఏళ్ళు దాటిన మగవాళ్ళకి ఇస్తారు. ట్రాన్స్‌ఫర్ రూల్సులోనే ఉంది. జుట్టు నెరిసాక గానీ నాకు ఆ ఆప్షన్ పెట్టుకునే యోగం పట్టలేదు, అందుకే ఈ పేరు పెట్టుకున్నా. లంక ఊళ్ళకి పంటు (రేవు దాటించే పడవ) మీద దాటి రావాలంటే ఆడ టీచర్లు ముందుకు రారు, చిన్నవయసు మాస్టార్లకి రూలు అడ్డం, ఆ రెంటి మధ్యా ఫిజిక్స్ పోస్టు ఖాళీగా పడి ఉంటుంది. కో-ఎడ్ అయితే ఆ అడ్డం పోతుంది. మీ పాపకి టెన్త్‌లో ఫిజిక్స్ చెప్పే మనిషి దొరుకుతాడా లేదా అనేది కూడా ఇందులోనే ఉందన్నమాట.

ఇంక ఈ విడి బళ్ళు ఎందుకొచ్చాయి అంటే, కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టినప్పుడు అసలు ఆడపిల్లని గడప దాటించడమే గొప్ప. తర్వాత మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి అధ్యక్షతన 1958లో స్త్రీ విద్య మీద జాతీయ కమిటీ వేస్తే, ఆ కమిటీ కూడా మిడిల్ స్కూల్ దాకా కలిపి చదివించండి, హైస్కూల్ స్థాయిలో ఆడపిల్లలకి విడిగా బళ్ళు పెట్టండి అనే చెప్పింది. ఎందుకంటే విడిగా లేకపోతే అమ్మానాన్నలు పంపరు. ఇప్పుడు చూడండి, అదే అమ్మానాన్నలు గర్ల్స్ హైస్కూల్ని కాదని కో-ఎడ్ ప్రైవేటు బడికి డబ్బు కట్టి మరీ పంపుతున్నారు. మగపిల్లలున్నారని భయపడి మగపిల్లలున్న చోటికే పంపడం మా స్టాఫ్ రూములో రోజూ నవ్వుకునే విషయం, మీ అమ్మగారిని అనట్లేదమ్మా, ఊరంతా అలాగే ఉంది.

సైన్స్_మేడం_పగో:

మాస్టారు చెప్పింది కరెక్టే గానీ మగాళ్ళకి కనపడనివి కొన్ని ఉంటాయి అవి నేను చెప్తా. మా స్కూలు ఇలాగే మారింది, పాలకొల్లు వైపు, పేరు వద్దులెండి.

బాత్రూములు అంటే ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టడం కాదు. విద్యాహక్కు చట్టంలోనే ఆడపిల్లలకి మగపిల్లలకి విడివిడిగా ఉండాలని ఉంది కాబట్టి కాగితం మీద ఎలాగూ చూపిస్తారు. మీరు అడగాల్సింది ఎక్కడ కట్టారు, దారి ఎటు నుంచి అని. మా దగ్గర ఉన్న బ్లాకునే మధ్యలో గోడ కట్టి అటు సగం ఇటు సగం చేశారు, చేతులు కడుక్కునే కుళాయిల అరుగు మాత్రం ఒక్కటే. ఇంటర్వెల్ బెల్లు కొడితే మగపిల్లలు అందరూ ఆ అరుగు మీద, ఇంక ఆడపిల్లలు వాళ్ళని దాటుకుని లోపలికి వెళ్ళాలి. ఏం చేశారంటే వెళ్ళడం మానేశారు. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా కూర్చునేవాళ్ళు, మధ్యాహ్న భోజనం దగ్గర కూడా గ్లాసు ముట్టుకోరు. ఎండాకాలం ఒంటిపూట బళ్ళల్లో కళ్ళు తిరిగి పడిపోతుంటే అప్పుడు అర్థమైంది మాకు. తర్వాత దాతల్ని పట్టుకుని వెనక కొబ్బరిచెట్ల వైపు మగపిల్లలకి విడిగా కట్టించాం, రెండింటి మధ్యా బడి బిల్డింగే అడ్డం. ఆ వారమే ఆడపిల్లల వాటర్ బాటిల్స్ ఖాళీ అవడం మొదలైంది.

ఇంకోటి, ప్యాడ్స్. 2021లో స్వేచ్ఛ పథకం వచ్చినప్పటి నుంచి నెలకి 10 ఇచ్చేవాళ్ళం కదా, గర్ల్స్ స్కూల్ కాబట్టి నేను క్లాసులోనే అటెండెన్స్ పిలిచినట్టు పేరు పిలిచి ఇచ్చేసేదాన్ని, ఎవరికీ సిగ్గు లేదు. కలిపాక అలా కుదరదు. కుదరదని బీరువాలో పెట్టి తాళం వేసి, కావాల్సినవాళ్ళు వచ్చి అడగండి అంటే ఎవరూ అడగరు. మీ స్కూల్లో ఎక్కడ పెడతారు, తాళం ఎవరి దగ్గర, వాడినవి వేసే డబ్బా ఎక్కడ, ఇవి మీటింగులో అడగడానికి సిగ్గు పడొద్దు. బడి పేరెంట్స్ కమిటీలో సగం మంది ఆడవాళ్ళే ఉండాలి చట్టం ప్రకారం, కానీ ఆ సగం మంది మాట్లాడరు, వాళ్ళ బదులు వాళ్ళ మొగుళ్ళు వస్తారు.

మేడ మెట్లు కూడా చూడమనండి మీ అమ్మగారిని. పాత బిల్డింగుల్లో బయట ఇనప మెట్లు ఉంటాయి, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీ. కిందనుంచి పైకి కనపడతాది. ఆడపిల్లలే ఉన్నప్పుడు ఎవరికీ పట్టలేదు. మేం రేకు కొట్టించాం, పెద్ద ఖర్చేం కాలేదు, కానీ ఆ మాట హెచ్చెం గారి దాకా వెళ్ళడానికి చాలా రోజులు పట్టింది ఎందుకంటే చెప్పాల్సిన పిల్లలు సిగ్గుతో చెప్పలేదు.

చదువు సంగతి. టెన్త్ బయాలజీలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంటది. గర్ల్స్ స్కూల్లో ఆ పాఠం నాకు రెండు పీరియడ్లు ఎక్కువ పట్టేది, అన్ని ప్రశ్నలు అడిగేవాళ్ళు, కడుపునొప్పి గురించి, పెద్దమ్మ వాళ్ళింట్లో జరిగిందాని గురించి, అన్నీ. కలిపిన మొదటి సంవత్సరం ఒక్కరు తలెత్తలేదు, పీరియడ్ సగంలోనే అయిపోయింది. ఇప్పుడు చీటీల మీద పేరు లేకుండా రాసి డబ్బాలో వెయ్యమంటున్నా. మంచి విషయం ఏంటంటే మగపిల్లలు కూడా వేస్తున్నారు, వాళ్ళకి ఇంతకుముందు ఇవి అడిగే దిక్కే లేదు.

నేను వ్యతిరేకం కాదండి. చేస్తే బుద్ధిగా చెయ్యండి అంటున్నా.

మెమోలో_గర్ల్స్:

నేను ఆ మగపిల్లల బ్యాచ్‌లో మొదటోణ్ణి అన్నమాట. మా ఊళ్ళో బోర్డు హైస్కూలు లేదు, అది 6 కిలోమీటర్లు, గర్ల్స్ హైస్కూలు ఇంటిపక్కనే. అబ్బాయిల్ని కూడా తీసుకుంటున్నారని మా నాన్న తీసుకెళ్ళి పడేశాడు. క్లాసులో గుప్పెడు మందిమి, మిగతా అంతా అమ్మాయిలు. అందరూ ఆడపిల్లల గురించే భయపడతన్నారు గానీ మా బాధ ఎవడికి పట్టింది. బోర్డు హైస్కూలు వాళ్ళతో క్రికెట్ మ్యాచ్ పెడితే మాకు పదకొండు మంది అయ్యేవాళ్ళు కాదు, వాళ్ళేమో మమ్మల్ని చూసి "గోరింటాకు టీము" అని అరిచేవాళ్ళు. మాకు బాత్రూము కట్టలేదు, కాలవ గట్టు చూపించారు.

కానీ నిజం చెప్పాలంటే అక్కడ నేర్చుకున్నది ఎక్కడా నేర్చుకోలేదు. క్లాస్ లీడర్ అమ్మాయి, బెల్లు కొట్టేది అమ్మాయి, సైన్స్ ల్యాబ్ తాళం అమ్మాయి దగ్గర. మేం వెళ్ళేసరికే అన్నీ వాళ్ళవే, మేం ఏదన్నా కావాలంటే వాళ్ళని అడగాలి. వరదలప్పుడు బడిని పునరావాస కేంద్రం చేస్తే బెంచీలు మేడ మీదకి మోసింది కూడా అక్కలే, మమ్మల్ని అడ్డం లేవండ్రా అన్నారు. ఇంజనీరింగ్‌కి వెళ్ళాక మా రూమ్మేట్స్ అమ్మాయిలతో మాట్లాడాలంటే చెమటలు పట్టేసేవి, నాకు అదేం పెద్ద విషయం అనిపించేది కాదు.

అసలు కష్టం తర్వాత వచ్చింది. నా టెన్త్ మెమోలో బడి పేరు దగ్గర జిల్లా పరిషత్ గర్ల్స్ హైస్కూల్ అని ఉంది. పేరు నాది, ఫోటో నాది, సెక్స్ దగ్గర ఎం అని ఉంది, బడి మాత్రం గర్ల్స్. ఎక్కడ సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఉన్నా నా ఫైలు పక్కన పెట్టేస్తారు. ఒకసారి ఉద్యోగం వెరిఫికేషన్లో క్లర్కు నా మొహం చూసి మెమో చూసి పక్కాయన్ని పిలిచి చూపించి ఇద్దరూ నవ్వుకుని, పోయి బోనఫైడ్ తెచ్చుకో అన్నారు, నేను ఊరికి వచ్చి హెచ్చెం చేత ఈ బడి ఫలానా సంవత్సరం నుంచి కో-ఎడ్ అని లెటర్ హెడ్ మీద రాయించుకుని వెళ్ళా. ఆ లెటర్ జిరాక్సులు ఇప్పటికీ దాచా. కాబట్టి అక్కా, మీ ఊళ్ళో కొడుకుల్ని చేర్చేవాళ్ళకి చెప్పండి, యూడైస్ రికార్డులో (బళ్ళ వివరాలుండే ప్రభుత్వ రికార్డు) బడి రకం మార్పించారా, టెన్త్ నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసేవాళ్ళ పేర్ల జాబితా) బడి పేరు ఏమని వెళ్తుంది, ఇవి ముందే అడగమనండి. గోడ మీద పేరు మార్చడం తేలికే, రికార్డుల్లో మారడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

అంతర్వేది_ఆటో:

ఆయ్ నమస్కారవండి. అందరూ చదువుకున్నోళ్ళు బానే చెప్తన్నారు గానీ నేను ఆ రోడ్డు మీద ఆటో తోలేవోణ్ణి, రోజూ చూత్తాను కాబట్టి చెప్తన్నాను. బళ్ళో ఏం జరగదండి, మేష్టార్లుంటారు. జరిగేదంతా గట్టు మీద. బడి వదిలాక కాలవ గట్టు మీద బైకులేసుకుని ఎవడెవడో నిలబడతాడు, ఆళ్ళు బడి పిల్లలు కూడా కాదు. ఇప్పుడైతే గర్ల్స్ హైస్కూల్ గేటు దగ్గర మగోడు నిలబడితే వాచ్‌మేనూ అడుగుతాడు, కిళ్ళీ కొట్టాయనా అడుగుతాడు ఏరా ఇక్కడేం పని అని. రేపు కో-ఎడ్ అయితే ఎవడు ఆ బడి పిల్లోడో ఎవడు కాదో ఎలా తెలుత్తాదండి? మా తమ్ముడి కోసం వచ్చానంటాడు, ఫ్రెండ్ కోసం అంటాడు.

నాకూ ఇద్దరాడపిల్లలు. పెద్దదాన్ని ఆ బళ్ళోనే ఏసాను ఆడపిల్లల బడనే. కలిపేత్తే మా ఇంట్లో ఆడోళ్ళు దాన్ని మానిపించేత్తారు, టెన్త్ అయ్యాక సంబంధాలు చూద్దాం అంటారు. నేనొప్పుకోను, కానీ రోజంతా ఆటో మీద ఉండేవోణ్ణి ఇంట్లో ఎంతసేపని కొట్టుకుంటానండి. డబ్బున్నోళ్ళు బస్సెక్కిత్తారు, మాలాంటోళ్ళకి ఆ బడొక్కటే. అది కూడా ఆలోచించండి.

పాత_స్టూడెంట్_హైదరాబాద్:

అంతర్వేది ఆటో గారూ, మీ మాట ఎవరూ కొట్టిపారెయ్యకూడదండి. ఈ త్రెడ్ మొత్తంలో నాకు అన్నిటికంటే భయం వేసింది మీరు చెప్పిన దానికే, కలిపినందుకు మానిపించేవాళ్ళు ఉంటారు, వాళ్ళు ఏ మీటింగుకీ రారు కాబట్టి ఎవరికీ కనపడరు. గేటు సంగతికి మాత్రం ఐడీ కార్డు, వదిలే టైము ఆడపిల్లలకి పది నిమిషాలు ముందు పెట్టడం, బడి వదిలే టైముకి పోలీసుల్ని ఒక రౌండ్ వెయ్యమని కమిటీ పేరు మీద స్టేషన్‌కి కాగితం ఇవ్వడం, ఇవి చేస్తే కొంత ఆగుద్ది. మీలాంటి ఆటోవాళ్ళని నలుగురిని కమిటీ పిలిచి గేటు దగ్గర స్టాండు పెట్టుకోమంటే ఇంకా నయం.

నేను గర్ల్స్ హైస్కూల్లోనే చదివా. మెమోలో గర్ల్స్ చెప్పింది అక్షరాలా నిజం, పంద్రాగస్టుకి జెండా తాడు కప్పీలో ఇరుక్కుపోతే మా క్లాసమ్మాయి చున్నీ నడుముకి కట్టుకుని స్తంభం ఎక్కి లాగింది, కింద ఎమ్మార్వో గారు నోరు తెరుచుకుని చూస్తున్నారు. మా బడిలో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. అలాంటి నేను ఇంటర్‌కి గవర్నమెంట్ కాలేజీలో కో-ఎడ్‌లో చేరాక రెండేళ్ళు క్లాసులో నోరు విప్పలేదు. డౌటు ఉంటే ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని గానీ చెయ్యెత్తలేదు. అంటే ఎప్పుడో ఒకప్పుడు ఎదురవ్వాల్సిందే, కాకపోతే నాకు 15 ఏళ్ళకి ఎదురైంది. ఇప్పుడు పిల్లలకి ఇంటర్‌లో అది కూడా లేదు, విజయవాడ కార్పొరేట్ కాలేజీల్లో గర్ల్స్ క్యాంపస్ వేరు బాయ్స్ క్యాంపస్ వేరు, బీటెక్‌లో ఒక్కసారిగా కలుస్తారు.

నా ఓటు కో-ఎడ్‌కే. కానీ జెండా స్తంభం ఎక్కే ఆ పిల్ల స్థానం పోకూడదు. మగపిల్లలు రాగానే బెంచీలు మొయ్యడానికి అబ్బాయిలు, ముగ్గులెయ్యడానికి అమ్మాయిలు అని పంచేస్తారు మన మేష్టార్లే, తెలీకుండానే. లంకమ్మాయి గారూ, మీ ఇంట్లో కరెక్టు ప్రశ్న అడిగింది మీ పాప ఒక్కతే అనిపించింది నాకు.

రికార్డుల_పిచ్చి:

చదువులో తేడా వస్తుందా అని ఎవరూ అడగలేదు గానీ అది కూడా ఉంటే బాగుంటుంది కదా. 2014లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, 21 దేశాలు, 184 అధ్యయనాలు, 16 లక్షల మంది పిల్లల లెక్కలు కలిపి చూశారు. విడి బడి పిల్లలకి మార్కులు ఎక్కువ వచ్చినట్టు పైకి కనపడినా, ఏ ఇంటి పిల్లలు అక్కడ చేరుతున్నారు అనేది సరిచూసి లెక్క కడితే తేడా దాదాపు పోయింది. దీనికి ఎదురు ఉదాహరణ దక్షిణ కొరియాది, సియోల్లో హైస్కూళ్ళకి పిల్లల్ని లాటరీలో కేటాయించేవాళ్ళు కాబట్టి ఇంటి తేడా ఉండేది కాదు, అక్కడ విడి బళ్ళ పిల్లలకి మార్కులు కొంచెం మెరుగ్గా ఉన్నాయని 2013లో తేల్చారు. అంటే మార్కుల కోసం ఇటో అటో పరిగెత్తక్కర్లేదు. బళ్ళో ఫిజిక్స్ టీచర్ ఉన్నాడా లేడా అన్నదే ఎక్కువ తేడా చేస్తుందని నా అభిప్రాయం.

కేరళలో 2022 జూలైలో బాలల హక్కుల కమిషన్ 2023-24 నుంచి అన్ని బళ్ళూ కో-ఎడ్ చెయ్యాలని ఉత్తర్వు ఇచ్చింది, అప్పటికి అక్కడ 280 గర్ల్స్ బళ్ళు, 164 బాయ్స్ బళ్ళు. ప్రభుత్వం ఏమందంటే ఒక్కసారిగా చెయ్యలేం, ఏ బడికి ఆ బడి పేరెంట్స్ కమిటీ, స్థానిక సంస్థ తీర్మానం చేసి పంపితే చూస్తాం అంది. కాబట్టి మీ ఊళ్ళో కూడా మినిట్స్ పుస్తకంలో ఏం రాస్తున్నారో చదివి సంతకం పెట్టమనండి మీ అమ్మగారిని, మామూలుగా ఖాళీ పేజీ మీద పెట్టించేసి తర్వాత రాస్తారు.

లంకమ్మాయి_కువైట్:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. ఇన్ని చెప్తారని అనుకోలేదు. శుక్రవారం సెలవు కదా ఇక్కడ, హెచ్చెం మేడంకి ఫోన్ చేశాను, నేను చదివినప్పుడు ఆవిడే మాకు తెలుగు చెప్పేవారు, గుర్తుపట్టారు. మాస్టారు గారు చెప్పినట్టు చేర్చుకోవడమేనంట, కలపడం కాదు. 6వ తరగతికి మాత్రమే. 9, 10 ఇలాగే ఉంటాయి. ఆ ముక్క మెసేజ్‌లో ఎందుకు రాయలేదు మేడం అంటే, రాశాననుకున్నానే అన్నారు. ఊరంతా తలకిందులైపోతే ఈవిడ రాశాననుకున్నారు.

బాత్రూముల గురించి అడిగితే ఉన్నదాన్నే మధ్యలో గోడ కడతాం అన్నారు. సైన్స్ మేడం గారూ, నేను మీ పోస్టు ఉన్నదున్నట్టు చదివి వినిపించాను ఫోన్లో. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత స్థలం బోర్డు హైస్కూలు వైపు గోడ దగ్గర ఉంది గానీ డబ్బుల్లేవు అన్నారు. మా గల్ఫ్ వాళ్ళ గ్రూపులో మా ఊరివాళ్ళు చాలా మందిమి ఉన్నాం, గుడికి చందాలు వేస్తాం కదా, దీనికి వేద్దామని పెట్టాను, కొంతమంది సరే అన్నారు, ఒకాయన మాత్రం మరుగుదొడ్డి మీద పేరు ఎలా వేయించుకుంటాం అన్నాడు.

మా అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మీటింగుకి వెళ్తానంది, మెట్లు చూస్తానంది. ఆటో అన్నయ్య గారూ, మీ పెద్దమ్మాయి ఏ క్లాసు? మా పాపా మీ పాపా ఒకే ఆటోలో వెళ్తే మా అమ్మకి సగం దిగులు తగ్గుతుంది. పాప కబడ్డీ గురించి అడగడం మర్చిపోయాను, అది అలిగి కూర్చుంది.

అంతర్వేది_ఆటో:

మా పెద్దది కూడా 9కేనండి ఎల్లేది. సెక్షన్ ఒకటే కదా ఇప్పుడు, మీ పాప దానికి తెలిసే ఉంటాది. నెంబరు ఇక్కడ పెట్టను, మెసేజ్ పెడతాను. మా ఆవిడని కూడా మీటింగుకి పంపిత్తాను, నేనెళ్తే ఆవిడ మాటాడదు.

సైన్స్_మేడం_పగో:

కబడ్డీ విషయం నేను చెప్తా. స్కూల్ గేమ్స్ పోటీల్లో అమ్మాయిల టీములు వేరే, అండర్ 14, అండర్ 17 అని వయసుని బట్టి. కో-ఎడ్ అయినా అమ్మాయిల టీము తీసెయ్యరు, మండలం సెలక్షన్స్ మామూలుగానే ఉంటాయి. పోయేది టీము కాదు, సాయంత్రం గ్రౌండు. మా దగ్గర ఆటలు నేర్పే పీడీ సార్ వారంలో మూడు రోజులు అమ్మాయిలకి మూడు రోజులు అబ్బాయిలకి అని టైంటేబుల్ రాసి హెచ్చెం సంతకంతో నోటీస్ బోర్డులో పెట్టారు, రాసి పెట్టకముందు రోజూ గొడవే. మీ పాపని, టీములో మిగతా పిల్లల్ని కలిసి ఒక కాగితం రాసి మీటింగు రోజే ఇమ్మనండి, పెద్దవాళ్ళు రాస్తే పక్కన పడేస్తారు గానీ పిల్లలు ఇస్తే చదువుతారు. ఇంకా, సెలక్షన్స్‌లో వయసు గొడవ వస్తది కాబట్టి ఆధార్‌లో పుట్టిన తేదీ, బడి రికార్డులో తేదీ ఒకటే ఉన్నాయో లేదో సెలవుల్లోనే చూసుకోమనండి, జూన్ వచ్చాక ఆధార్ సెంటర్ దగ్గర లైను చాలా పెద్దదైపోద్ది.